చెవికి అందే తెలుగులో ఆసనం

కరోనా ఏడాది పాఠాల కోసం అప్పు చేసి కొన్న ఫోన్లు బళ్లు తెరిచాక కూడా ఇళ్లలోనే ఉండిపోయాయి. వాటి వల్ల చెడిన నిద్ర గురించి, అలిసిన కళ్ల గురించి అందరూ మాట్లాడుతూనే ఉన్నారు. ఈసారి వాటి వెంట వచ్చిన ఒక మంచి అలవాటు గురించి మేము మాట్లాడదలిచాం. పొద్దున్నే చాప పరిచి, ఫోనును బిందెకో గోడకో ఆనించి, తెర మీది మనిషిని చూస్తూ యోగాసనాలు వేసే ఇళ్లు ఇప్పుడు మన వీధుల్లో కూడా కనిపిస్తున్నాయి. పిల్లలతో పాటు తల్లులు వేస్తున్నారు. కొన్ని ఇళ్లలో నాయనమ్మలు కూడా. ఆటస్థలం లేకుండా, వ్యాయామ ఉపాధ్యాయుడు లేకుండా రెండు గదుల్లో నడిచే తెలుగు బడులు మనకు కొత్త కాదు. అలాంటి బడిలో చదివే పిల్లకు ఆరడుగుల చాప, ఇరవై నిమిషాల సమయం చాలంటే అంతకన్నా ఏం కావాలి? ఈ అలవాటును మేము మనస్ఫూర్తిగా బలపరుస్తున్నాం.

మా పేచీ ఒక్కటే. ఆ తెర మీది మనిషి ఏ భాషలో మాట్లాడుతున్నాడు?

భాషాభిమానం కొద్దీ అడిగిన ప్రశ్న కాదిది. మెడకు సంబంధించిన ప్రశ్న. పాదహస్తాసనంలో నడుము వంచి చేతులు పాదాల దాకా తెచ్చినప్పుడు తల కిందికి వేలాడుతూ ఉంటుంది. ఆ సమయంలో చెప్పేది అర్థం కాకపోతే పిల్ల ఏం చేస్తుంది? తల పక్కకు తిప్పి, మెడ ఎత్తి తెర వంక చూస్తుంది. హలాసనంలోనైతే మరీ ప్రమాదం. ఒంటి బరువు భుజాల మీద, మెడ వెనక భాగం మీద ఉన్నప్పుడు తల పక్కకు తిప్పకూడదన్నది ఆ ఆసనం నేర్పే ప్రతివారూ మొదట చెప్పే జాగ్రత్త. తెర చూడకుండా చేయలేని పిల్ల సరిగ్గా అదే పని చేస్తుంది. ఇక శవాసనం. అందులో కళ్లు మూసుకోవాలి. తెర చూస్తూ వేసేది శవాసనమే కాదు, పడుకుని సినిమా చూడడం.

అందుకని వీడియోను మొదటి రోజు కూర్చుని చూడాలి. రెండో రోజు నుంచి వినాలి. కళ్లకు పని తగ్గి చెవులకు పెరిగినప్పుడే ఇంట్లో చేసే యోగా క్షేమంగా సాగుతుంది. చెవితో విని ఒంటితో చేయాలంటే ఆ మాట మనసులో ఇంకో భాషలోకి మారాల్సిన అవసరం లేకుండా నేరుగా కాలికీ చేతికీ చేరాలి. ‘ఊపిరి వదులుతూ నెమ్మదిగా వంగండి’ అన్న మాట అర్థమయ్యేసరికి రెండు క్షణాలు పడితే, అప్పటికి పిల్ల ఊపిరి పీల్చుకుని ఉంటుంది, లేదా బిగబట్టి ఉంటుంది. కుడి ఎడమల చిక్కు కూడా ఉంది. మనకు ఎదురుగా నిలబడిన గురువు కుడి కాలు ఎత్తితే తెరలో అది మన ఎడమ వైపున కనబడుతుంది. చూసి చేసేవాడు ఎడమ కాలు ఎత్తుతాడు, విని చేసేవాడు కుడి కాలు ఎత్తుతాడు. ఒకే చాప మీద అన్నాచెల్లెళ్లు చెరోవైపు తిరిగి ఢీకొనడం నవ్వొచ్చే విషయమే. కానీ వక్రాసనంలో వెన్ను ఎటు తిప్పాలో తెలియక మధ్యలో ఆగి, మళ్లీ విసురుగా ఇటు తిప్పడం నవ్వొచ్చే విషయం కాదు.

మన పిల్లలు చూసేవి ఎక్కువగా చుట్టూ వినబడే భాషల్లోనివే. హోసూరులో తమిళం, బళ్లారిలో కన్నడం, పర్లాకిమిడిలో ఒడియా, భివండీలో మరాఠీ, హిందీ. అది సహజం. ఆ భాషలు మన పిల్లలకు వచ్చు, రావాలి కూడా. వాటిలో మంచి గురువులు ఉన్నారనడంలో మాకు సందేహం లేదు. యానాం పిల్లలకు ఈ ఇబ్బందే లేదు, వాళ్ల ఊరి చుట్టూ తెలుగే. మిగిలిన చోట్ల మాత్రం ఒక చిన్న పరీక్ష పెట్టి చూడమని ఉపాధ్యాయులను కోరుతున్నాం. ఎనిమిదో తరగతి పిల్లను నిలబెట్టి చీలమండ చూపించమనండి. పిక్క ఎక్కడుందో, తుంటి ఎక్కడుందో, మణికట్టు ఏదో అడగండి. తెలుగులో కథ రాయగలిగిన పిల్ల కూడా తన ఒంటి దగ్గరకు వచ్చేసరికి తడబడడం మీరు చూస్తారు. మోకాలు, మోచేయి తెలుస్తాయి. మడమకూ అరికాలికీ తేడా తెలియదు. పాఠ్యపుస్తకంలో ఆ మాటలు రావు, వచ్చినా పరీక్షలో అడగరు. దెబ్బ తగిలినప్పుడు డాక్టరు దగ్గర వాడేది వేరే భాష. ఆటల పీరియడ్‌లో వినబడే ఆజ్ఞలు వేరే భాషవి. అలా ఒంటికి సంబంధించిన తెలుగు ముందుగా పోతోంది.

రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956లో ఏడో సవరణతో వచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రయత్నించాలని రాష్ట్రాలకు అది చెబుతోంది. దాని పేరు చెప్పి మనం పుస్తకాలు అడిగాం, ఉపాధ్యాయులను అడిగాం. తమిళనాడులో 2006 నాటి తమిళ బోధనా చట్టం వచ్చాక పదో తరగతి పరీక్షలో తెలుగు రాసే అవకాశం కోసం కోర్టుల దాకా వెళ్లాం. ఆటల పీరియడ్ ఏ భాషలో నడుస్తుందని మాత్రం మనలో ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. లెక్కలూ సైన్సూ తెలుగులో ఉండాలన్నవాళ్లం ‘కుడి కాలు ముందుకు’ అన్న మాటను వదిలేశాం.

తెలుగు వీడియోలు లేవా అంటే బోలెడు ఉన్నాయి. వాటిలో చాలా భాగం మాట్లాడే తెలుగు ఎలా ఉంటుందో వినండి. ‘రైట్ లెగ్ స్ట్రెయిట్‌గా పెట్టి, ఇన్‌హేల్ చేస్తూ హ్యాండ్స్ అప్ చేసి, స్పైన్ స్ట్రెచ్ చేయండి.’ ఇందులో తెలుగు ఏదంటే పెట్టి, చేస్తూ, చేయండి. నాయనమ్మకు ఇది హిందీ ఎంతో అంతే. ఇంగ్లిషు మాట వాడితే మైల పడిపోతామని మేము అనడం లేదు. వీడియో, ఫోను, యూట్యూబ్ అని మేమూ రాస్తున్నాం. కానీ నిలబడడానికి, కూర్చోవడానికి, పడుకోవడానికి తెలుగులో ఉన్నన్ని మాటలు ఉండగా వాటిని అవతల పారేయడం ఎందుకు? బోర్లా పడుకోవడం వేరు, వెల్లకిలా పడుకోవడం వేరు, ఒత్తిగిలి పడుకోవడం వేరు. గొంతుక్కూర్చోవడం, మఠం వేసుక్కూర్చోవడం, కాళ్లు బార్లా చాపుక్కూర్చోవడం, మోకరిల్లడం, మునివేళ్ల మీద లేవడం, ఒంటికాలి మీద నిలబడడం. ఒక్కొక్కటీ ఒక ఆసనం మొదటి మెట్టు. షోలాపూర్‌లో తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడిన ఇళ్లలో మఠం అనకుండా సకలం ముకలం అంటే ఇంకా మంచిది. ఏ ఇంటి మాట ఆ ఇంటిది. పుస్తకాల తెలుగే కావాలని మేము పట్టుబట్టడం లేదు, ఆ ఇంట్లో అందరికీ అర్థమయ్యే తెలుగు చాలు.

మాటకు ఎంత బలం ఉందో తెలియాలంటే 1938 నాటి ఒక మూగ చిత్రం చూడాలి. మైసూరులో యోగా నేర్పిన తిరుమలై కృష్ణమాచార్య, ఆయన శిష్యుడు బీకేఎస్ అయ్యంగార్ అందులో ఆసనాలు వేస్తూ కనిపిస్తారు. అబ్బురపరిచే చిత్రం అది. ఒళ్లు తీగలా వంగుతుంది, గాలిలో తేలినట్టుంటుంది. కానీ దాన్ని వందసార్లు చూసినా ఒక్క ఆసనం నేర్చుకోలేం. ఊపిరి ఎప్పుడు తీశారో తెలియదు, బరువు ఎక్కడ మోపారో తెలియదు. అయ్యంగార్ పుట్టింది 1918లో, కోలారు జిల్లా బెళ్లూరులో. తెలుగు విరివిగా వినబడే జిల్లా అది. చిన్నతనమంతా మలేరియా, టైఫాయిడ్, క్షయ వంటి జబ్బులతో గడిచింది. 1937లో పుణె చేరి అక్కడే స్థిరపడ్డారు. ఆయన పద్ధతికి ప్రపంచమంతా పేరు రావడానికి ఒక పెద్ద కారణం మాటే. కాలి బొటనవేలు ఎటు తిరగాలి, మోకాటి చిప్ప ఎలా పైకి లాగాలి, బరువు మడమ లోపలి అంచున పడాలా బయటి అంచున పడాలా అని ఒక్కొక్క అవయవాన్నీ పేరు పెట్టి పిలిచి చెప్పడం. 1966లో వచ్చిన ఆయన పుస్తకం ‘లైట్ ఆన్ యోగా’లో బొమ్మ ఎంత ముఖ్యమో పక్కన రాసిన వివరం అంత ముఖ్యం. ఒళ్లు వంగనివారికి కుర్చీ, తాడు, చెక్కదిమ్మ, దుప్పటి ఆసరాగా ఇచ్చింది కూడా ఆయనే. ఇంట్లో యోగా చేసే నాయనమ్మకు ఈ సంగతి చెప్పాలి. గోడ పట్టుకుని వృక్షాసనం వేస్తే అది తక్కువ ఆసనమేమీ కాదు.

ఇక బలం సంగతి. ఇరవై ఒక్క రోజుల్లో పొట్ట కరుగుతుందనీ, వారంలో నడుము సన్నబడుతుందనీ అరిచే వీడియోలను పక్కన పెట్టండి. వాటికి కావలసింది మన ఆరోగ్యం కాదు, మన చూపు. కండకు బలం ఒకటే దారిలో వస్తుంది. కొంచెం కష్టమైన పని ఇచ్చి, విశ్రాంతి ఇచ్చి, మళ్లీ ఇంకొంచెం కష్టమైన పని ఇవ్వడం. కుర్చీలో కూర్చున్నట్టు గాలిలో కూర్చునే ఉత్కటాసనం, అరచేతులూ మునివేళ్లూ ఆనించి ఒంటిని పలకలా నిలిపే ఫలకాసనం, బోర్లా పడుకుని కాళ్లెత్తే శలభాసనం, వెల్లకిలా పడుకుని నడుమెత్తే సేతుబంధాసనం. ఈ నాలుగూ పది లెక్కపెట్టేదాకా నిలపడంతో మొదలుపెట్టి, ఊపిరి బిగబట్టకుండా ముప్ఫై దాకా తెచ్చుకున్న పిల్లకు రెండు నెలల్లో తేడా తనకే తెలుస్తుంది. అయితే యోగా చేయలేని పని కూడా ఉంది. దానిలో నెట్టడం ఉంది, మోయడం ఉంది, వంగడం ఉంది. లాగడం దాదాపు లేదు. బావిలో నీళ్లు తోడిన చేతులకూ, చెట్టెక్కిన చేతులకూ వచ్చే బలం చాప మీద రాదు. పిల్లలు కొమ్మ పట్టుకుని వేలాడాలి, తాడు లాగుడు ఆడాలి, పరుగెత్తాలి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాలు ఒగర్చేటంత శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఇరవై నిమిషాల యోగాతో ఆ లెక్క తీరదు. ఆటస్థలం అడగడం మానేయడానికి వీడియో సాకు కాకూడదు.

మహారాష్ట్రలోని బడులకు ఒక మాట. ఔంధ్ సంస్థానాధీశుడు భవన్‌రావ్ పంత్ ప్రతినిధి గత శతాబ్దం మొదటి సగంలోనే సూర్య నమస్కారాలను తన సంస్థానంలోని బడుల్లో నిత్య వ్యాయామం చేశారు. మన తాతల కాలపు తాలింఖానాల్లోని దండీలూ బస్కీలూ దానికి దగ్గరి చుట్టాలే. రెండూ తెలిసిన ముసలివాళ్లు ఊళ్లో మిగిలి ఉంటే ఏ వీడియో కంటే ముందు వాళ్లను బడికి పిలవండి.

పెద్దవాళ్ల బలం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాప మీద పిల్లల పక్కన ఉన్నది వాళ్లే. షోలాపూర్‌లో చేట ఒళ్లో పెట్టుకుని రోజంతా ముందుకు వంగి బీడీలు చుట్టే తల్లికి, బళ్లారిలో జీన్స్ కుట్టే మిషను ముందు కూర్చునే తల్లికి ఇంకా ముందుకు వంగే ఆసనాలు ఇవ్వడం ఆకలిగా ఉన్నవాడికి నీళ్లివ్వడం లాంటిది. వాళ్లకు కావలసింది రొమ్ము విచ్చుకునే ఆసనాలు. భుజంగాసనం, సేతుబంధాసనం, తలుపు చట్రానికి రెండు చేతులూ ఆనించి ఒక అడుగు ముందుకు వేయడం. భివండీలో మరమగ్గం దగ్గర పన్నెండు గంటలు నిలబడి వచ్చిన తండ్రికి గోడకు కాళ్లు ఆనించి పది నిమిషాలు వెల్లకిలా పడుకోవడమే పెద్ద యోగం. మోకాళ్ల నొప్పులున్నవారు వజ్రాసనం జోలికి పోవద్దు. వీడియో ఎవరి పని ఏమిటని అడగదు. అడగాల్సింది ఇంట్లోవాళ్లే.

‘ఎనర్జీ’ అన్న మాట ఈ వీడియోలన్నిటిలో మోగుతూ ఉంటుంది. సత్తువ, ఓపిక, హుషారు అని మనకు మూడు మాటలున్నాయి, మూడూ వేర్వేరు. యోగా వల్ల పొద్దున హుషారు వస్తుంది, నిద్ర బాగా పడితే ఓపిక పెరుగుతుంది. సత్తువ మాత్రం కంచంలోంచి రావాలి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. మెట్లెక్కితే ఆయాసపడే, పాఠం మధ్యలో తల వాల్చే పిల్లకు ప్రాణాయామం నేర్పి ‘ఇక సరిపోతుంది’ అనుకోవడం తప్పు. ఆ పిల్లకు రక్తపరీక్ష చేయించాలి. బడిలో వారానికొకసారి ఇచ్చే ఇనుము మాత్ర చెత్తబుట్టలో పడకుండా చూడాలి. ఆకుకూర, పప్పు, పైన ఒక నిమ్మచెక్క ఉండాలి. భోజనంతో పాటే టీ తాగే అలవాటు మాన్పించాలి, టీ వల్ల తిన్న ఇనుము ఒంటికి పట్టదు. ఆ తర్వాత యోగా ఎంత చేసినా మంచిదే.

చేయకూడనివీ ఉన్నాయి. శీర్షాసనం, హలాసనం, సర్వాంగాసనం మనిషి పక్కన ఉండి నేర్పితే తప్ప ఫోను చూసి నేర్చుకోవద్దు. ఈ విషయంలో మాకు రెండో అభిప్రాయం లేదు. రక్తపోటు, గుండెజబ్బు, హెర్నియా ఉన్నవారు, గర్భిణులు కపాలభాతి చేయకూడదని ఆయుష్ శాఖ యోగా దినం కోసం తయారు చేసిన ఉమ్మడి పాఠంలోనే ఉంది. ఇలాంటి జాగ్రత్తలు వీడియోల్లో ఉంటే అర నిమిషం వేగంగా చదివేస్తారు, అదీ ఇంగ్లిషులో. తిన్న వెంటనే చేయకూడదు, నొప్పి పుడితే ఆగిపోవాలి, ఊపిరి అందకపోతే ఆగిపోవాలి. ముందు చదివే ప్రార్థన ఎవరి ఇష్టం వారిది. ఇష్టం లేని పిల్లలు అంతసేపూ కళ్లు మూసుకుని ఊపిరి గమనిస్తూ కూర్చుంటే యోగాకు వచ్చే లోటేమీ లేదు.

మేము కోరేది పెద్దదేమీ కాదు. ప్రతి తెలుగు బడిలోనూ తెలుగు చెప్పే ఒక ఉపాధ్యాయురాలో ఉపాధ్యాయుడో తన గొంతుతో పది నిమిషాల పాఠం ఫోనులో చెప్పి, తరగతి వాట్సాప్ గుంపులో తల్లిదండ్రులకు పంపాలి. బొమ్మ అక్కర్లేదు, గొంతు చాలు. తాము స్వయంగా చేసే, తమకు బాగా తెలిసిన నాలుగైదు తేలిక ఆసనాలే చెప్పాలి. తెలియనివి ఊరి యోగా గురువు దగ్గర చూసి నేర్చుకున్నాకే చెప్పాలి. పిల్లలు ఆసనాలు వేస్తుండగా తీసిన వీడియోలు, ముఖ్యంగా ఆడపిల్లలవి, నలుగురూ చూసే చోట పెట్టవద్దు. ఊళ్లోని తెలుగు సంఘాలు ఉగాది వేదికకు పెట్టే ఖర్చులో కొంచెం తీసి బడికి పది చాపలు కొనిపెడితే మేము సంతోషిస్తాం. జూన్ 21న యోగా దినానికి ఆయా రాష్ట్రాల విద్యాశాఖలు బడులకు పంపే కాగితాలు అక్కడి ప్రధాన భాషతో పాటు తెలుగులోనూ కావాలని ప్రధానోపాధ్యాయులు ముందుగానే రాతపూర్వకంగా అడగాలి. అడగనిదే ఎవరూ పంపరు.

మొదటి పాఠానికి మాటలు మేమే ఇస్తున్నాం. తాడాసనం ఇది. గట్టిగా, నెమ్మదిగా, ప్రతి వాక్యం తర్వాత ఒక ఊపిరి వ్యవధి ఇస్తూ చదివితే చాలు. మీ ఊరి మాట వేరేగా ఉంటే మార్చుకోండి.

‘నిటారుగా నిలబడండి. రెండు పాదాల మధ్య రెండంగుళాల ఎడం ఉంచండి. బరువు రెండు మడమల మీదా సమంగా ఉందో లేదో చూసుకోండి. గడ్డం కొంచెం కిందికి. భుజాలు వదులుగా. చేతులు ముందుకు తెచ్చి వేళ్లలో వేళ్లు గుచ్చండి. అరచేతులు బయటికి తిప్పండి. ఊపిరి పీల్చుకుంటూ చేతులు తల మీదికి ఎత్తండి. మోచేతులు చెవుల పక్కన. ఇప్పుడు మడమలు ఎత్తి మునివేళ్ల మీద నిలబడండి. తూలితే గోడ పట్టుకోండి, పర్వాలేదు. ఎదురుగా ఒక చుక్కను చూస్తూ ఉండండి. ఊపిరి మామూలుగా ఆడనివ్వండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. ఊపిరి వదులుతూ మడమలు దించండి. వేళ్లు విడదీయండి. చేతులు పక్కలకు దించండి. కళ్లు మూసుకోండి. పిక్కల్లో ఏం తెలుస్తోందో గమనించండి.’